పన్నెండు సీసాల నువ్వుల నూనె

జనవరి 9

పిన్నికి,

ముందే చెబుతున్నాను, ఈ విషయం మీద ఫోను చెయ్యకు. మొన్న పావుగంట మాట్లాడావు. నీ వెనక గానుగ కూడా పావుగంట మాట్లాడింది. నాకు వినబడింది గానుగ మాటలే. పైగా నువ్వు "ఆ, ఆ" అన్నావంటే నీకేమీ వినబడలేదని నాకు చిన్నప్పట్నుంచీ తెలుసు. అందుకే కాగితం మీద పెడుతున్నాను. గోడకు అతికించుకో.

ఈ పార్సిల్లో పన్నెండు కొత్త సీసాలున్నాయి. నువ్వు ఎప్పుడు నువ్వులు ఆడినా, రేపు ఎవరైనా ఫిర్యాదుతో వస్తే చూపించడానికని ఆ రోజు నూనె ఒక సీసాడు తీసి ఏడాదిపాటు అలమారలో దాస్తావు కదా. అందులోంచి పన్నెండు వేర్వేరు రోజుల నూనె నాకు కావాలి. నల్ల నువ్వులు, తెల్ల నువ్వులు, కొండ మీది గింజలు, కింది గింజలు, ఏవి ఉంటే అవి. ఒక రోజుది ఒక సీసాలో. సీసా మీద ఏ గింజలు, ఎక్కడివి, ఏ నెలలో ఆడారు అని రాయాలి.

ఎందుకో కూడా చెబుతాను, చెప్పకపోతే ఊరుకోవు. ప్రతి నూనెలోనూ కొవ్వు ఆమ్లాలని ఏడెనిమిది రకాలుంటాయి. నువ్వుల నూనెలో అవి ఉండే పాళ్లు వేరు, వేరుశనగలో వేరు, పొద్దుతిరుగుడులో మరీ వేరు. మా ఆహార పరీక్షల ల్యాబులో మిషను ఒక చుక్క నూనె తీసుకుని, వాటిని విడదీసి, ఏది నూటికి ఎంతో చెబుతుంది. అంటే సీసాకు ఎనిమిది అంకెలు. ఎనిమిదింటినీ ఒక్కసారి చూడటం మనిషి కళ్లవల్ల కాదు కనక, నేను లెక్క వేసి వాటిని రెండంకెలకు కుదిస్తాను. రెండంకెలుంటే కాగితం మీద ఒక చుక్క పెట్టొచ్చు. ఒక సీసాకు ఒక చుక్క. ఒకే మొక్క నూనెలు పక్కపక్కన చేరతాయి. వాటి చుట్టూ గీత గీస్తే అది ఆ నూనె ఇల్లు. రేపు ఎవరి సీసా వచ్చినా, దాని చుక్క ఇంట్లో పడిందా బయట పడిందా చూస్తే కల్తీ సంగతి తెలిసిపోతుంది.

వేరుశనగ, పొద్దుతిరుగుడు నూనెలు దొరికాయి. నువ్వుల నూనె మాత్రం ఏ గానుగవాళ్లూ ఇవ్వలేదు, పరీక్ష అనగానే తలుపులు వేసుకుంటున్నారు. ఇక నువ్వే దిక్కు. ఒక్కటే మనవి: చెప్పింది చెప్పినట్టు చెయ్యి. నీ సొంత తెలివి దయచేసి ఆ ఒక్కరోజు పక్కన పెట్టు.

నీ పిచ్చుక


జనవరి 24

ఏమే పిచ్చుకా,

నీ ఉత్తరం గోడకు అతికించలేదు. గోడకు అతికించేంత గొప్పగా ఏమీ లేదు. ముప్పై ఏళ్లుగా నూనె తీస్తున్నదాన్ని, నాకు సీసాలో నూనె పొయ్యడం నేర్పుతున్నావు. నువ్వు మా ఇంట్లో ఉండి చదువుకున్న రెండేళ్లూ తెలకపిండి తిని కడుపునొప్పి తెచ్చుకున్నదానివి, అది గుర్తుంచుకో.

పన్నెండు సీసాలూ పంపుతున్నాను. లేబుళ్లు మీ బాబాయి రాశారు, నా రాత నీకు అర్థం కాదని. నీ సీసాల్లో దేనికీ అన్యాయం జరగకుండా చూసుకున్నాను, ఆ విషయంలో నాకు చెప్పాల్సిన పనిలేదు.

ఇక్కడ నా తలనొప్పులు నాకున్నాయి. మా పెద్ద తొట్టి అడుగున కారుతోంది. అతుకు వేయించడానికి పంపితే వాడు ఇదిగో అదిగో అంటున్నాడు. నీకు తెలుసు కదా, నేను ఏ రోజు నూనె ఆ రోజు అమ్మను. అన్నీ తొట్టిలో పోసి, కలిపి, సమం చేసి, మడ్డి దిగాకే డబ్బాల్లో పడుతుంది. ఒకరికి చిక్కనిది, ఒకరికి పలచనిది ఇవ్వడం మా ఇంట్లో లేదు. మా అత్తగారు పెట్టిన పద్ధతి అది. ఇప్పుడు తొట్టి లేక ఏ రోజుది ఆ రోజే డబ్బాల్లో పోస్తున్నాం. ఆసుపత్రి వంటింటికి మొన్న నల్లటి నూనె వెళ్లింది, నిన్న తెల్లటిది వెళ్లింది. ఎవరైనా అడిగితే ఏ మొహం పెట్టుకుని చెప్పాలో తెలియడంలేదు.

నీ మిషను దగ్గర మరీ ఒంగి కూర్చోకు. మీ అమ్మకు నడుం నొప్పి అలాగే మొదలైంది.

పిన్ని


ఫిబ్రవరి 18

నా బంగారు పిన్నికి,

ఈ ఉత్తరంలో తిట్లు లేవు, కంగారుపడకు.

నీ పన్నెండు సీసాలూ మిషనులో పెట్టాను. లెక్క వేసి చుక్కలు పెట్టాను. వేరుశనగ చుక్కలు అరచేతంత మేర చెదిరి ఉన్నాయి. పొద్దుతిరుగుడు మరీ దారుణం, కాగితం పొడుగునా పాకింది. నీ నువ్వుల నూనె చూడాలి! పన్నెండు చుక్కలూ ఒకదాని మీద ఒకటి. రూపాయి బిళ్ల పెడితే పన్నెండూ దాని కింద దాక్కుంటాయి. నల్ల గింజలేమిటి, తెల్ల గింజలేమిటి, ఎక్కడివైతేనేమిటి, నీ గానుగలోంచి వస్తే నూనె ఒక్కటే! మా ఆఫీసరు ఎవరినీ మెచ్చుకోడు. ఆయన కూడా సెక్షన్లో అందరినీ పిలిచి చూపించి, "చెయ్యి అంటే అదీ" అన్నాడు. నీ చెయ్యి గురించే.

వచ్చే నెల నుంచి ఇన్‌స్పెక్టర్లు పట్టుకొచ్చే నువ్వుల నూనె అంతా ఈ పద్ధతి మీదే పరీక్షిస్తారు. పద్ధతి నాది, నూనె నీది. బాబాయికి కూడా చెప్పు. లేబుళ్ల మీద రాత ముత్యాల్లా ఉందని మా వాళ్లంతా అన్నారు.

పిచ్చుక


మార్చి 3

పిచ్చుకమ్మకి,

నా నూనె మంచిదని నువ్వు మిషను పెట్టి కనిపెట్టావా! ఈ వీధిలో ఎవరిని అడిగినా చెప్పేవారు, కరెంటు ఖర్చు మిగిలేది.

అయినా సంతోషించాను. ఎందుకు దాచాలి? ఉత్తరం మీ బాబాయికి రెండుసార్లు చదివి వినిపించాను. ఆయన రెండుసార్లూ "ఊఁ" అన్నారు. అంటే బాగా సంతోషించారన్నమాట.

నిన్న ఇన్‌స్పెక్టరు వచ్చాడు. ఆసుపత్రికి వెళ్లాల్సిన డబ్బాలోంచి ఒక సీసా పట్టి, లక్క ముద్ర వేసి తీసుకెళ్లాడు. పక్కవీధి గానుగలో కూడా పట్టాడట. ఆ గానుగ ఆయన ఒకటే కంగారట, ఏమవుతుందోనని మా ఎదురింటి టైలరు చేత నన్ను అడిగించాడు. నేను నవ్వాను. మా అక్క కూతురు పెట్టిన పరీక్షేనండీ అన్నాను.

ఒక్క సంగతి. నీ ఉత్తరంలో ఆమ్లాలు, ఆమ్లాలు అని రాశావు. నా నూనెలో యాసిడ్ ఎక్కడుంది? ఇంకెవరి ముందూ అలా అనకు, నమ్మేవాళ్లు నమ్ముతారు.

పిన్ని


మార్చి 20

పిన్నికి,

కొవ్వు ఆమ్లం అంటే బాత్రూం కడిగే యాసిడ్ కాదు. పాలలో ఉంటుంది, నెయ్యిలో ఉంటుంది, నీలో నాలో ఉంటుంది. ఈ ముక్క నీకు నాలుగోసారి చెబుతున్నాను.

అసలు విషయం విను. నా పద్ధతి మీద మొదటి దొంగలు దొరికారు! ఒకరు కాదు, ఇద్దరు. మాకు పేర్లు చెప్పరు, సీసాల మీద నంబర్లే ఉంటాయి. పద్దెనిమిది సీసాల్లో పదహారు వేరే రకం నూనెలు, వాటితో గొడవలేదు. నువ్వుల నూనె అని వచ్చిన రెండూ మాత్రం నీ రూపాయి బిళ్లకు ఎంతో దూరంగా, పొద్దుతిరుగుడు వైపు జరిగి పడ్డాయి. ఒకటి కొంచెం, ఒకటి చాలా. చవక నూనె కలిపారని ఇట్టే తెలిసిపోతోంది. ఎక్కువ దూరం జరిగినది ఆసుపత్రి వంటింటికి వెళ్లే నూనె అట, కాగితం మీద అంతవరకే ఉంది. రోగులు తినే నూనెలో కలపడానికి చేతులెలా వచ్చాయి పిన్నీ? ఎంత సిగ్గులేని మనుషులు! నీలాంటివాళ్ల మధ్యే తిరుగుతుంటారు, తలెత్తుకుని.

రెండు రిపోర్టుల కిందా సంతకం నాదే. మొదటిసారి. పేరు చివర ఒక మెలిక కూడా తిప్పాను.

నీ పిచ్చుక


మార్చి 29

సిగ్గులేని మనిషి రాస్తున్న ఉత్తరం ఇది.

నీ సంతకం బాగుంది. పేరు చివర ఆ మెలిక ఎప్పుడు నేర్చుకున్నావో గానీ బాగా కుదిరింది. నాకు బాగా తెలుసు, ఎందుకంటే ఆ కాగితం మా షట్టరు మీద అతికించి ఉంది. నేను దాని ఎదురుగా అరుగు మీద కూర్చుని రాస్తున్నాను. లోపలికి వెళ్లడానికి లేదు, తాళానికి ముద్ర వేశారు.

ఎంత బాగా రాశావే! "పొద్దుతిరుగుడు నూనె కలిసినట్టు బలమైన అనుమానం." అందులో "కొవ్వు ఆమ్లాల నిష్పత్తి" అని కూడా ఉంది. వీధిలో సగంమంది నేను యాసిడ్ కలిపాననే అనుకుంటున్నారు. మిగతా సగంమంది పొద్దుతిరుగుడు అనుకుంటున్నారు. కలిపానని మాత్రం అందరూ అనుకుంటున్నారు. ఆసుపత్రి వంటింటి ఆవిడ పదకొండేళ్లుగా నన్ను అక్కా అని పిలిచేది. నిన్న డబ్బాలు వెనక్కి పంపేసి, "ఏమండీ, మీ డబ్బాలు లెక్క చూసుకోండి" అంది. అండీ అంది నన్ను.

విచారణ మే 20న. ఆ రోజు ఏమీ తేలకపోతే లైసెన్సు పోతుంది. గానుగ పోతే ఇంకో పని చూసుకుంటానే. నికార్సైన నూనె అనే పేరు తప్ప నా దగ్గర ఏమీ లేదు. మా అత్తగారు ఇచ్చింది అదొక్కటే. దాన్ని నా చేతుల్లో పెరిగిన పిల్ల సంతకం పెట్టి తీసేసింది.

పోయినసారి నన్ను బంగారు పిన్ని అన్నావు. ఆ కాగితం కూడా దాచాను. రెండూ పక్కపక్కన పెట్టి చూసుకుంటున్నాను.


ఏప్రిల్ 3

పిన్నీ,

నాలుగుసార్లు ఫోను చేశాను, తియ్యలేదు. నిన్ను ఫోను చెయ్యొద్దన్న నోటితోనే ఎత్తమని బతిమాలుతున్నాను. నాకు తెలియదు పిన్నీ. నంబరే ఉంది. పేరుంటే చూసేదాన్ని కాదా? ఆసుపత్రి అని చదివినా, ఎన్ని ఆసుపత్రులు లేవు, అది నీ డబ్బా అని తట్టనే లేదు.

చుట్టరికం ఉందని చెప్పేశాను. ఆఫీసరు నన్ను ఫైలు నుంచి తప్పించి, మా సహోద్యోగి చేత అదే సీసా మళ్లీ పరీక్ష చేయించాడు. మూడుసార్లు. మూడుసార్లూ అక్కడే పడింది. మిషను సరిగ్గానే ఉంది. లెక్కా సరిగ్గానే ఉంది, పదిసార్లు చూసుకున్నాను.

అందుకని అడుగుతున్నాను, కోపం తెచ్చుకోకు. గానుగలో ఎవరైనా ఏదైనా పోశారా? పొద్దుతిరుగుడు ఆడిన రోజు గానుగ సరిగ్గా తుడవలేదా? డబ్బాల్లో పాత నూనె మిగిలిందా? బాబాయిని అడిగావా? ఆయన చెడ్డవారని కాదు. మెతకమనిషి, ఎవరైనా ఏదైనా తెచ్చి ఇందులో పొయ్యమంటే కాదనలేరు. నువ్వు కల్తీ చెయ్యవని నాకు తెలుసు. కానీ అంకెలు ఊరికే అలా రావు కదా. నిజంగా ఏం జరిగిందో నాకు చెబితేనే ఏదైనా చెయ్యగలను.

పిచ్చుక


ఏప్రిల్ 12

నీకు,

అడిగాను. నువ్వు చెప్పావని మీ బాబాయిని అడిగాను. సరిగ్గా నీ మాటలతోనే, "మీరేమైనా పోశారా, ఎవరైనా పొయ్యమన్నారా" అని. తింటున్న పళ్లెంలోంచి తలెత్తి నా వైపు చూశారు. చెయ్యి కడుక్కుని వెళ్లి అరుగు ఊడ్చారు. ఊడ్చిన అరుగే మళ్లీ ఊడ్చారు. అప్పట్నుంచి మాట్లాడటంలేదు. మామూలుగానే ఆయన రోజుకు పది మాటలు మాట్లాడతారు, ఇప్పుడు ఆ పదీ లేవు. బాగుందా? నీ లెక్కకు ఇది కూడా ఒక అంకె వేసుకో.

ఆ రెండో దొంగ ఎవరో తెలుసా? పక్కవీధి గానుగ ఆయన. ఆయనా నేనూ తొమ్మిదేళ్లుగా సరిగ్గా మాట్లాడుకోం, నా బేరాలు లాక్కున్నాడని. అయినా చెబుతున్నాను, ఆయన కలిపే రకం కాదు. కాగితం రాగానే ఆయనకు పిచ్చెక్కినట్టయింది. నేను కలపలేదు, మరి ఎవరు కలిపారు అని, చివరికి ఇరవై రెండేళ్లుగా తన గానుగ తిప్పే మేస్త్రిని పనిలోంచి తీసేశాడు. ఆ మనిషి వీధి మధ్యలో నిలబడి ఒట్టు వేశాడట. ఎవరు వింటారు? కాగితం ఉంది కదా.

గానుగ తుడవలేదా అని అడుగుతావా నన్ను? డబ్బా అడుగున పాత నూనె వదిలే మనిషినా నేను? అన్యాయంగా ఒక చుక్క అటూ ఇటూ కానివ్వను. నీ పన్నెండు సీసాలకే ఎంత చేశాననుకున్నావు! అలమారలో సీసాలన్నీ దింపితే ఒకటి నల్లగా, ఒకటి పచ్చగా, ఒకటి నీళ్లలా ఉన్నాయి. ఇలా పంపితే ఒక సీసా బాగుందంటారు, ఒక సీసా బాగాలేదంటారు, పిల్లకు మాటొస్తుంది అని, తొట్టి లేకపోయినా అన్నీ పెద్ద గంగాళంలో పోయించాను. మీ బాబాయి చేత గంటసేపు తిప్పించాను, ఆయన భుజం వారం రోజులు లేవలేదు. బాగా సమం అయ్యాకే నీ పన్నెండు సీసాల్లో సమానంగా పోశాను. ఆ తర్వాతే లేబుళ్లు అంటించాం, నువ్వు అడిగినట్టే, గింజల పేర్లతో సహా. అంత న్యాయంగా చేసిన దానికి ఇదా నువ్విచ్చిన ఫలితం?

మీ అమ్మకు ఏమీ చెప్పకు. దానికి అసలే బీపీ.


ఏప్రిల్ 16

పిన్నీ,

నీ ఉత్తరం ఆఫీసులో నిలబడి చదివాను. గంగాళం దగ్గరికి వచ్చాక కూర్చున్నాను.

ఒక రోజుది ఒక సీసాలో అని రాశాను కదా! చెప్పింది చెప్పినట్టు చెయ్యమని రాశాను కదా! నెత్తీ నోరూ బాదుకుని రాశాను కదా!

నువ్వేం చేశావో చెబుతాను విను. నేను పన్నెండుమంది ఎత్తు కొలిచాననుకున్నాను. ఒక్క మనిషినే పన్నెండుసార్లు కొలిచాను. ఇక ఆ ఎత్తుకు వేలెడు ఎక్కువున్నా తక్కువున్నా వాడసలు మనిషే కాదని రిపోర్టు రాశాను. నువ్వుల నూనెలన్నీ ఒకేలా ఉండవు పిన్నీ. గింజను బట్టి, నేలను బట్టి, చలిని బట్టి మారుతుంది. ఆ తేడా ఎంతో తెలుసుకోవడానికే పన్నెండు అడిగాను. నాకు కావలసింది ఆ తేడానే. దాన్నే నువ్వు గంటసేపు తిప్పించి చంపేశావు. రూపాయి బిళ్లంత ఇల్లు కట్టి, అందులో పట్టనివాళ్లందరినీ నేను దొంగలన్నాను.

ఇన్‌స్పెక్టరు పట్టిన రోజు డబ్బాలో ఏ నూనె ఉందో బాబాయి చిట్టా చూసి చెప్పమని, నువ్వు ఫోను తియ్యవు కనక మీ ఎదురింటి టైలరుకు చేశాను. కొండ మీది గింజలట. చలిలో పండిన గింజల్లో లినోలీక్ అనే ఆమ్లం పెరుగుతుంది. పొద్దుతిరుగుడులోనూ అదే ఎక్కువ. తొట్టి ఉండుంటే అది మిగతావాటిలో కలిసిపోయేది. తొట్టి లేదు. అంతే జరిగింది. ఎవరూ ఏమీ పొయ్యలేదు.

నిన్ను తిట్టడం అయిపోయింది. ఇక నా వంతు. పన్నెండు రకాల గింజల నూనె అలా ఒకదాని మీద ఒకటి పడటం ఎక్కడా జరగదు. మొదటి సంవత్సరం చదివే పిల్లలు కూడా అనుమానపడతారు. నేను సంతోషపడ్డాను. మా పిన్ని చెయ్యి అనుకున్నాను.

ఆఫీసరుకు చెప్పాను. ఆయన తల పట్టుకున్నాడు. ఈ పద్ధతి గురించి పైవాళ్ల మీటింగులో గొప్పగా చెప్పి వచ్చాడు. కాసేపటికి ఒక దారి చెప్పాడు. ఇందులో ఒక ఫారం పెట్టాను. "తొట్టి మరమ్మతులో ఉన్నందున ఆ రోజు నమూనా మా మామూలు నూనెకు ప్రతినిధి కాదు" అని ఉంటుంది. నువ్వు సంతకం పెడితే నీ రిపోర్టు రద్దవుతుంది, వారంలో ముద్ర తీసేస్తారు. పద్ధతి జోలికి వెళ్లక్కర్లేదు, గంగాళం మాట ఎత్తక్కర్లేదు. పక్కవీధి ఆయనది వేరే ఫైలు, దాని సంగతి తర్వాత చూద్దాం అన్నాడు.

అది సరికాదని నాకు తెలుసు. కానీ నీ పేరు పోతుంటే చూస్తూ కూర్చోలేను, నాకిక ఓపిక కూడా లేదు. సంతకం పెట్టి పంపు.

పిచ్చుక


ఏప్రిల్ 23

పిచ్చుకా,

ఫారం వెనక్కి పంపుతున్నాను. సంతకం ఉంది, దాని మీద కొట్టివేత కూడా ఉంది. రెండూ నావే.

నిజం చెబుతున్నాను, రాగానే సంతకం పెట్టాను. కవరులో పెట్టి అంటించాను. పోస్టులో వేద్దామని బయలుదేరాను. పోస్టుకు పక్కవీధిలోంచే పోవాలి. ఆయన ముద్ర వేసిన తలుపు ముందు స్టూలు వేసుకుని కూర్చుని ఉన్నాడు, బేరం చేస్తున్నట్టే. నన్ను చూసి లేచాడు. తొమ్మిదేళ్లలో మొదటిసారి.

"అమ్మా, మీ అక్కగారి అమ్మాయి అక్కడే కదా పనిచేసేది. ఒక్క విషయం కనుక్కుని చెబుతారా? మా మేస్త్రి ఎంత కలిపాడో ఆ మిషను చెప్పగలదా? ఎప్పట్నుంచి కలుపుతున్నాడో? కొంచెమే అయితే పిల్లలు గలవాడు కదా, మళ్లీ పిలుద్దామని."

నా చేతిలో కవరు ఉంది. ఏం చెప్పమంటావు?

అక్కడే నిలబడి అంతా చెప్పాను. గంగాళంతో సహా. ఆయనకు మొదట అర్థం కాలేదు. మళ్లీ చెప్పాను. అర్థమయ్యాక స్టూలు మీద కూర్చుండిపోయాడు. తిడతాడనుకున్నాను, తిట్టినా బాగుండేది. నాకు తల కొట్టేసినట్టయింది. నేను నా పేరు పోయిందని ఏడుస్తున్నాను గానీ, నా సీసాలు ఇంకొకడి ఇంట్లో పొయ్యి ఆర్పేశాయి.

కనక ఇప్పుడు నువ్వు నేను చెప్పింది చెప్పినట్టు చెయ్యి. నా వాంగ్మూలం ఇందులో ఉంది. పన్నెండు సీసాలూ నేనే కలిపించాను, లేబుళ్ల మీద రాసింది నిజం కాదు, అని. దాన్ని మీ ఆఫీసరుకు ఇవ్వు. ఇవ్వకపోతే నేనే వచ్చి ఇస్తాను, నా సంగతి ఆయనకు తెలియదు.

ఇన్‌స్పెక్టరును వెంటబెట్టుకుని, ఈసారి నిజంగా వేర్వేరు నూనెలు నీకు పంపించడానికి చుట్టుపక్కల గానుగలన్నీ తిరుగుతున్నాను. తొమ్మిది గానుగలు ఒప్పుకున్నాయి. అతను పట్టి ముద్ర వేస్తాడు, నేను పక్కన నిలబడతాను. ఒక్కొక్కరితో నా ప్రాణం విసిగిపోతోంది. ఒకావిడ వడగట్టి ఇస్తానంటుంది. ఒకాయన మంచివి ఏరి ఇస్తానంటాడు. ఇంకొకాయన రెండు డబ్బాలు కలపబోయాడు, చెయ్యి పట్టుకుని ఆపాను. "మీ తెలివి పక్కన పెట్టండి, ఉన్నది ఉన్నట్టు పొయ్యండి" అని అరుస్తుంటే, నా నోట్లోంచి నువ్వు మాట్లాడుతున్నట్టుంది.

పిన్ని


మే 12

పిన్నికి,

నలభై మూడు సీసాలూ చేరాయి. సీసాకు ఒక రంగు, సీసాకు ఒక వాసన. చూడగానే ప్రాణం లేచొచ్చింది.

పరీక్షా లెక్కా అంతా మా సహోద్యోగి చేసింది, నన్ను దగ్గరికి రానివ్వలేదు. నేను వరండాలో తిరిగాను. చుక్కలు అరచేతికన్నా ఎక్కువ మేర పరుచుకున్నాయి. నీది గీతకు బాగా లోపల ఉంది. పక్కవీధి ఆయనది కూడా లోపలే. పాత పన్నెండు చుక్కలూ మధ్యలో ఒక్కచోట ముడుచుకుని కూర్చున్నాయి.

ఆఫీసరుకు కోపంగా ఉంది. ఇల్లు ఇంత పెద్దదయ్యాక కొంచెంగా కలిపేవాళ్లు దొరకరు, మళ్లీ మొదటి నుంచి పని చెయ్యాలి. రిపోర్టులో నా తప్పు నేనే రాశాను: నమూనాలు అసాధారణంగా ఒకేలా ఉన్నా ప్రశ్నించలేదు, అని. నన్ను నూనెల నుంచి నీళ్ల సెక్షనుకు మార్చారు. నీళ్లు ఎవరూ కలిపి సమం చెయ్యరులే.

20న నిన్ను గట్టిగానే అడుగుతారు. అడిగినదానికే జవాబు చెప్పు. మీ అత్తగారు, తొట్టి, ముప్పై ఏళ్లు, ఇవన్నీ మొదలుపెట్టకు.

ఆ రోజు బాబాయిని అడిగావా అని రాశాను. నిన్ను కూడా అడిగాను, తిప్పి తిప్పి. అంకెను నమ్మి నిన్ను అనుమానించాను. దానికి నా దగ్గర సంజాయిషీ ఏమీ లేదు పిన్నీ. తప్పయింది.

నీ పిచ్చుక


మే 22

పిచ్చుకకి,

ముద్ర తీశారు. ముందు అది రాశాను, లేకపోతే ఉత్తరం తిరగేసి వెతుకుతావు.

విచారణ జరిపిన కళ్లద్దాలాయన, "పన్నెండు లేబుళ్ల మీద రాసింది అబద్ధమేనా?" అన్నాడు.

"అవునండీ. పన్నెండూ."

"ఎందుకు రాశారు?"

"రాయమని అడిగారండీ, రాశాం. నూనె సమం చేశాక లేబుల్‌తో పనేముంది అనుకున్నాం."

ఆయన పెన్ను కింద పెట్టేశాడు. మా అత్తగారి సంగతి ఎత్తలేదు, తొట్టి మాత్రం ఎత్తాల్సి వచ్చింది. కల్తీ లేదని రాశారు. తప్పుడు లేబుళ్లు ఇచ్చానని మందలిస్తూ కూడా రాశారు. రెండూ నిజమే, రెండిటికీ సంతకం పెట్టాను. ఆసుపత్రి ఆవిడ బయట కనిపించి మళ్లీ అక్కా అంది. నేను "చెప్పండి" అన్నాను. నాకు కోపం అంత త్వరగా పోదు.

అక్కడ్నుంచి పక్కవీధి ఆయనా నేనూ మేస్త్రి ఇంటికి వెళ్లాం. ఆయన కాగితం చేత్తో పట్టుకుని సంబరంగా, "ఒరేయ్, నువ్వేం కలపలేదట! పరీక్షలో తేలిపోయింది, పద" అన్నాడు. మేస్త్రి కాగితం తీసుకోలేదు. గడపలోనే నిలబడ్డాడు.

"కాగితం కలిపానంటే కలిపానన్నారు. ఇప్పుడు కాగితం లేదంటే లేదంటున్నారు. ఇరవై రెండేళ్లు మీ కళ్ల ముందు పనిచేశాను కదండీ. మీరేమంటారు?"

ఆయన కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు. మేస్త్రి నన్నేమీ అడగలేదు, అయినా నేను తలెత్తలేకపోయాను. మేస్త్రి తలుపు వేసుకున్నాడు. రేపు మళ్లీ వెళతానంటున్నాడు పక్కవీధి ఆయన. వెళ్లమన్నాను, కాగితం లేకుండా.

ఇంటికొస్తే మీ బాబాయి గానుగ గదిలో గింజలు జల్లిస్తున్నారు. చూపిద్దామని దారి పొడుగునా సంచిలో పట్టుకొచ్చిన కాగితం ఉంది. తియ్యలేకపోయాను. "ఆ రోజు మిమ్మల్ని అలా అడక్కుండా ఉండాల్సింది" అన్నాను. ఆయన జల్లెడ ఆపలేదు. నేనూ కదల్లేదు. జల్లించిన గింజలు చేటలో పోసి, తల ఎత్తకుండానే, "ముందు ఏ గింజలు ఆడదాం?" అన్నారు.

నెలన్నర తర్వాత ఆయన నాతో అన్న మొదటి మాట అది. కొండ గింజలే ఆడదామని చెప్పాను. ఏడుస్తూ చెప్పాను, అర్థమయిందో లేదో. ఆయన ఆ బస్తానే విప్పారు.

నీ పిన్ని